కోట గోడ కింద నిలబడి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం మొదలైతే కోటలు చూడటానికి బయల్దేరేవాళ్లు పెరుగుతారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గోల్కొండ గురించినవే ఎక్కువ. ఓరుగల్లు, ఉదయగిరి, గుత్తి గురించి కూడా అడిగారు. కోటను రాజుగారి నివాసంగా చూస్తే సగమే కనిపిస్తుంది. ముట్టడిని తట్టుకోవడానికి కట్టిన కట్టడంగా చూడాలన్నది మా పట్టుదల. జవాబులన్నీ ఆ చూపుతోనే రాశాం.

పిల్లలతో గోల్కొండ వెళ్లాం. చప్పట్లు కొట్టించి, పైదాకా ఎక్కించి, రెండు గంటల్లో దింపేశారు. కోటను ఎలా కాపాడుకునేవారో ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ వెళ్తే ఎలా చూడాలి?
— ఓ గృహిణి, సిద్దిపేట

ఈసారి టికెట్ల కౌంటరు దగ్గర మొదలుపెట్టకండి. ఎండ ఎక్కకముందే ఫతే దర్వాజా చేరి, గోడకు బయటివైపు నిలబడండి. ముట్టడించేవాడు మొదట చూసింది ఆ వైపునే కాబట్టి మీరూ అక్కడి నుంచే చూడాలి.

గోడ తిన్నగా సాగిపోకుండా మధ్యమధ్యలో అర్ధచంద్రాకారంలో బురుజులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. బయటి ప్రాకారానికి ఇలాంటివి 87 ఉన్నాయి, దర్వాజాలు 8. రెండు బురుజుల నడుమ గోడను ఆనుకుని నిలబడి పైకి చూడండి. నేరుగా మీ తల మీద ఉన్న సిపాయి మిమ్మల్ని కొట్టాలంటే ఒళ్లంతా బయటికి వంచాలి, అలా వంగితే వాడే గురి అవుతాడు. పక్క బురుజు మీదున్నవాడికి మాత్రం ఆ కష్టం లేదు. గోడ పొడవునా మీ పక్కటెముకలు కనిపిస్తుంటాయి. బురుజు పని అందానికి కాదు, పక్కవైపు నుంచి కొట్టడానికి. ఒక బురుజు నుంచి ఇంకో బురుజుకు ఎన్ని అడుగులో పిల్లల చేత లెక్కపెట్టించండి. పెద్దవాళ్ల అంగ ముప్పాతిక మీటరు అనుకుంటే దూరం తేలుతుంది. వత్తి తుపాకి గురి తప్పకుండా పనిచేసేది వంద మీటర్ల లోపే. ఆ దూరంలో కనీసం ఒక బురుజు నుంచైనా గోడ అడుగు కనిపించకపోతే అక్కడ కాపలా బలహీనమన్నమాట.

తరువాత బాలాహిస్సార్ దర్వాజాకు, అంటే లోపలి కోట వాకిలికి రండి. తలుపు ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది. గుంపుతో పాటు నడిచేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ గోడ వల్ల దూరం నుంచి ఫిరంగిని తలుపుకు గురిపెట్టడం కుదరదు. పైగా లోపలికి వచ్చేవాళ్లు మలుపు తిరగాలి, తిరిగేటప్పుడు పైనున్నవాళ్లకు వీపు చూపించాలి. పిల్లల్ని అక్కడ ఆపి, ఎటు వైపు నుంచి దెబ్బ పడుతుందో చెప్పమనండి. చప్పట్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. గుమ్మటం కింద కొట్టిన చప్పుడు కొండ మీది దర్బారు మంటపం బారాదరికి వినిపించడం నిజమే. కింద ఎవరొచ్చారో పైకి కబురందించడానికి వాడేవారని చెబుతారు.

సుమారు 360 మెట్లున్నాయి. ఎక్కే దారిలో అంబర్‌ఖానా, అంటే ధాన్యపు కొట్టు తగులుతుంది. అందరూ దాన్ని దాటేసి రామదాసు బందీఖానాకు పరుగెడతారు. దయచేసి పది నిమిషాలు అక్కడ ఆగండి. ముట్టడి ఎన్ని నెలలు సాగుతుందో తేల్చేవి ఈ కొట్టు, నీటి తొట్లే.

బారాదరి పైకి చేరాక ఊరిని చూడటం కాసేపు ఆపి, బయటి ప్రాకారాన్ని కళ్లతో చుట్టి రండి. ‘నువ్వే శత్రువు అయితే ఫిరంగులు ఎక్కడ పెడతావు?’ అని పిల్లల్ని అడగండి. గోడ బయట ఏ గుట్ట ఎత్తుగా ఉంటే దానికేసి వేలు చూపిస్తారు, అదే సరైన జవాబు. 1656లో ఔరంగజేబు, అప్పటికి ఇంకా దక్కన్ సుబేదారుగా ఉన్న యువరాజు, గోల్కొండను ముట్టడించాడు. షాజహాన్ ఆజ్ఞతో ఆ ముట్టడి ఎత్తేయాల్సి వచ్చింది. అది మిగిల్చిన పాఠాన్ని అప్పటి గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా గోడల్లోనే రాసిపెట్టాడు. ఈశాన్యంలో శత్రువుకు ఆసరా కాగల గుట్టను లోపల కలుపుకుంటూ కొత్త ప్రాకారం కట్టించాడు, అదే నయా ఖిలా. దక్షిణాన 1666లో మూసా బురుజు లేచింది. కాబట్టి గోల్కొండలో కొత్తగా కనిపించే ప్రతి కట్టడం దగ్గరా ‘అంతకుముందు ఇక్కడ ఏం జరిగింది?’ అని అడగండి.

నయా ఖిలాకు మధ్యాహ్నం తరువాత వెళ్లండి. అక్కడి తొమ్మిది తమ్మెల బురుజు చూడాలి. దాని అంచు ఒకే గుండ్రంగా కాక పూరేకుల్లా మడతలు పడి ఉంటుంది, ఒక్కో మడత నుంచి ఒక్కో దిక్కుకు గురి. సుమారు 27 మీటర్ల చుట్టుకొలత ఉన్న హతియాన్ మాను కూడా అక్కడే. లోపల గోల్ఫ్ మైదానం ఉంది, కోట చుట్టుపక్కల సైన్యం స్థలాలున్నాయి. అందువల్ల అన్ని బురుజుల దగ్గరికీ దారి దొరకదు. టికెట్ల దగ్గరే పురావస్తు శాఖ సిబ్బందిని అడిగి కదలండి.

తలుపులకు ఇనుప మేకులు ఏనుగుల కోసమే అంటారు. నిజమేనా?
— ఓ కాలేజీ విద్యార్థి, గుంటూరు

నిజమే, కానీ పూర్తి నిజం కాదు. తలుపును తలతో కుమ్మకుండా మేకులు అడ్డుకుంటాయి. అందుకే అవి ఎక్కువగా ఏనుగు నుదురు తగిలే ఎత్తులో ఉంటాయి. అయితే ఏనుగు బలమంతా పరుగులో ఉంది. తలుపు ముందు మలుపు పెడితే పరుగుకు చోటుండదు. తలుపు మీది ఇనుప రేకుల పని వేరు, చెక్కకు నిప్పు అంటుకోకుండా కాపాడటం. కోటకు వెళ్లినప్పుడు మేకుల కంటే ముందు మలుపు చూడండి. తలుపుకు ఎదురుగా తిన్నని బాట యాభై అడుగులైనా లేకపోతే, ఆ కోట కట్టినవాడు ఏనుగు సంగతి మేకుల అవసరం లేకుండానే తేల్చేశాడన్నమాట.

1687లో ఔరంగజేబు దగ్గర అంత సైన్యం, అన్ని ఫిరంగులు ఉండి కూడా గోల్కొండను పడగొట్టడానికి ఎనిమిది నెలలు ఎందుకు పట్టింది? చివరికి ద్రోహంతోనే గెలిచాడని విన్నాను.
— ఓ విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

ముట్టడి అంటే ఏమిటో నేర్చుకోవాలంటే మన గడ్డ మీద ఇంతకు మించిన ఉదాహరణ లేదు. కొంచెం వివరంగా చెబుతాం.

1687 జనవరి చివర్లో మొగలు సైన్యం కోట ముందుకు వచ్చింది, ఫిబ్రవరి 7న కందకాల తవ్వకం మొదలైంది. తొలి రోజుల్లోనే మొగలు సర్దారు కిలిచ్ ఖాన్ గుండు దెబ్బకు చనిపోయాడు. తరువాతి కాలంలో హైదరాబాదును ఏలిన మొదటి నిజాముకు ఆయన తాత. బహిరంగంగా గోడ దాకా పోవడం కుదరదని ఆ దెబ్బతో తేలిపోయింది.

ఆ కాలపు పద్ధతి ఇలా ఉండేది. గోడ మీది గుండు అందనంత దూరంలో తవ్వకం మొదలుపెడతారు. తిన్నగా కోటకేసి తవ్వితే కందకం పొడవునా గుండు దూసుకొస్తుంది. అందుకే పాము నడకలా వంకర్లు తిప్పుతూ తవ్వి, తీసిన మన్నును కోట వైపు గట్టుగా పోస్తారు. గోడ దగ్గరయ్యేకొద్దీ పైన చెక్కలు, తోళ్లు, మన్ను కప్పి దారి చేస్తారు, దీన్ని సాబాత్ అనేవారు. ఫిరంగుల కోసం చెక్కలు, మట్టితో ఎత్తైన దిబ్బ, దమ్‌దమా కడతారు. కోట అగడ్తను పూడ్చడానికి బస్తాల్లో మన్ను నింపి పడేస్తారు. ఆ బస్తాల్లో మొదటిది ఔరంగజేబు స్వయంగా కుట్టాడని చరిత్రకారులు రాశారు.

ఇక తప్పిన పనులు. మే 16 రాత్రి మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి లగ్గలెక్కారు. ఇద్దరు పైకి చేరారు కూడా. గోడ మీద ఒక ఊరకుక్క మొరిగింది, కావలివాళ్లు లేచారు, నిచ్చెనలు కూలిపోయాయి. గోల్కొండ చివరి సుల్తాను తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడంటారు. కుక్క కథ అందరికీ గుర్తుంటుంది కానీ అసలు పాఠం వేరే ఉంది. నిచ్చెన మీద ఒకసారికి ఒక్కడే పైకి చేరగలడు. కిందివాళ్లంతా ఎక్కేదాకా కనీసం పది నిమిషాలు ఎవరూ మేల్కోకూడదు. లగ్గలెక్కడానికి కావలసింది బలం కాదు, నిశ్శబ్దం. అందుకే ఆ పని తరచూ చెడేది.

జూన్‌లో సొరంగాలు పేల్చారు. గోడ పునాది కిందికి సన్నని సొరంగం తవ్వి, చివర గది చేసి, తుపాకి మందు బస్తాలు పేర్చి, వత్తి బయటికి లాగి, గది నోటిని మన్నుతో, రాళ్లతో గట్టిగా బిగిస్తారు. ఈ బిగింపే అసలు పని. మందు పేలితే పొగ తక్కువ అడ్డున్న వైపుకే తన్నుకొస్తుంది. నోరు వదులుగా ఉంటే గోడ కూలదు, తవ్వినవాళ్లే ఎగిరిపోతారు. గోల్కొండలో లోపలివాళ్లు తవ్వకం చప్పుడు పసిగట్టి ఎదురు సొరంగం తవ్వారు, గోడ వైపున్న మందు లాగేశారు, కొన్నిచోట్ల నీళ్లు పోశారు. జూన్ 20న మొదటి రెండూ పేలినప్పుడు రాళ్లు మొగలుల మీదికే ఎగిరొచ్చాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. గందరగోళం చూసి లోపలివాళ్లు బయటికి దూకి మోర్చాల మీద, అంటే ముట్టడిదారుల కందకాల మీద పడ్డారు. మరునాడు వత్తి అంటించిన మూడోది అసలు పేలనే లేదు.

ఎదురు సొరంగం ఎటు తవ్వాలో తెలియడానికి ఆ రోజుల్లో వాడిన ఉపాయం మీరూ చేసి చూడవచ్చు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి నేల మీద పెట్టండి. పక్కన ఇంకొకరిని గునపంతో నేలను కొట్టమనండి, నీటి మీద సన్నని అలలు కనిపిస్తాయి. ఇలాంటి పళ్లేలు గోడ వెంబడి వరుసగా పెట్టి, ఏ పళ్లెం ఎక్కువగా కదిలితే ఆ వైపు తవ్వేవారు. ఒకటి గమనించండి, కొండరాయి మీద నిలిచిన గోడ కింద సొరంగం తవ్వలేరు. మైదానంలో మట్టి మీద సాగిన బయటి ప్రాకారానికే ఈ బెడద.

ఆ తర్వాత వాన పడింది. దమ్‌దమాలు బురదై జారిపోయాయి, మోర్చాల్లో నీళ్లు నిలిచాయి, మంజీరా పొంగి ధాన్యం బళ్లు ఆగిపోయాయి. ఆ ఏడు జొన్న, సజ్జ పంటలు ముందే పోయి ఉన్నాయి. ముట్టడిలో ఆకలి లోపలివాళ్లకే అనుకుంటాం. నెలల తరబడి ఒకేచోట దిగిన సైన్యం చుట్టుపక్కల గ్రామాలను ఊడ్చి తినేస్తుంది, ఆ తర్వాత తిండి దూరం నుంచి రావాలి. గోల్కొండ ముందు ఆకలితో, రోగంతో పోయింది ఎక్కువగా బయటివాళ్లే. ఔరంగజేబు కోట చుట్టూ చెక్క, మట్టితో తన సొంత గోడ ఒకటి కట్టించాడు. లోపలికి గింజ పోకూడదని, బయటికి మనిషి రాకూడదని.

సెప్టెంబరు 21 తెల్లవారుజామున మూడు గంటలప్పుడు అబ్దుల్లా పానీ అనే సర్దారు దిడ్డివాకిలి, అంటే గోడలోని చిన్న తలుపు తీసి ఉంచాడు. మొగలు సేనాని రుహుల్లా ఖాన్ మనుషులు లోపలికి నడిచారు. ద్రోహంతోనే పడింది అన్న మాట నిజమే. కానీ ఒంటి మీద సుమారు 70 గాయాలయ్యేదాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ కూడా ఆ కోటవాడే. ఎనిమిది నెలల్లో తానీషాను ఒక్కొక్కరుగా సర్దారులు వదిలిపోయారు. గోడ పగలకపోయినా గోడ వెనక మనుషులు అరిగిపోయారు. అందుకే కోట చూసేటప్పుడు పెద్ద దర్వాజాలతో పాటు దిడ్డివాకిళ్లనూ వెతకండి. రాత్రి బయటికి దూకి మోర్చాలు తగలబెట్టడానికి అవి లేక తప్పదు. ఎన్ని ఉంటే అంతమంది నమ్మకస్తులు కావాలి.

తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. ఎల్లోరా వెళ్లేవాళ్లు దౌలతాబాదులో ఆయన్ను ఉంచిన చీనీ మహల్ తప్పకుండా చూడాలి.

మా బడిలో ఓరుగల్లు ముట్టడి మీద ప్రాజెక్టు పెట్టాం. ఢిల్లీ సైన్యం వాడిన రాళ్లు విసిరే యంత్రం నమూనా చేయించాలి. పోయినసారి చేసినది రాయిని వెనక్కే విసిరింది.
— ఓ ఉపాధ్యాయిని, హనుమకొండ

1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మీదికి వచ్చినప్పుడు ఫిరంగులు లేవు, రాళ్లు విసిరే యంత్రాలే. వాటిలో బరువు దించి విసిరే రకం బడికి తగినది. పొలంలో ఏతం ఎలా పనిచేస్తుందో పిల్లలకు చూపిస్తే సగం అర్థమైపోతుంది. ఒక కొనన బరువు దిగితే రెండో కొన లేస్తుంది.

మీటరు పొడవున్న గట్టి వెదురు లేదా చెక్క దూలం తీసుకోండి. బరువు వైపు కొన నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర ఇరుసు పెట్టండి, అంటే పొడుగు చెయ్యి 80, పొట్టి చెయ్యి 20. ఇరుసు నేలకు 55 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. విసిరే ఉండ 20 గ్రాముల మెత్తటి మట్టి ముద్ద అయితే రెండో వైపు రెండు కిలోల ఇసుక సంచి వేలాడదీయండి. వందకు ఒకటి లెక్క. పొడుగు కొనకు ఉండేలు గుడ్డ లాంటి వడిసెల కట్టాలి, దాని తాళ్లు 70 సెంటీమీటర్లకు తగ్గకూడదు. వడిసెల ఒక తాడు దూలానికి శాశ్వతంగా కట్టి, రెండో తాడు చివరి ఉంగరాన్ని దూలం కొసన ఉన్న మేకుకు ఊరికే తగిలించాలి. ఉండ నేల మీద నున్నటి పలక మీదుగా జారాలి.

మీ రాయి వెనక్కి పోవడానికి కారణం ఈ మేకే అయి ఉండాలి. మేకు తిన్నగా ఉంటే ఉంగరం ముందే జారిపోయి ఉండ నిటారుగా గానీ వెనక్కి గానీ ఎగురుతుంది. మేకును విసిరే వైపుకు కొద్దికొద్దిగా వంచుతూ పోండి. మరీ వంచితే ఉంగరం ఆలస్యంగా జారి ఉండ ముందున్న నేలకే కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఐదు డిగ్రీలకు మించి మార్చకండి, ప్రతిసారీ మూడు విసుర్లు విసిరి కొలవండి. చట్రం ఊగితే దూరం తగ్గుతుంది, కాళ్ల మీద ఇటుకలు పెట్టండి. యంత్రానికి ముందు, వెనక ఎవరినీ నిలబడనివ్వకండి, పక్కల మాత్రమే.

ప్రాజెక్టులో ఇంకో సంగతి చేర్చండి. యంత్రం ఎప్పుడూ ఒంటరిగా పనిచేయలేదు. ఢిల్లీ సైన్యం ముందు తన దండు చుట్టూ కర్రల కంచె కట్టుకుంది. కోటలోంచి రాత్రి పూట వచ్చి పడతారని వాళ్లకు తెలుసు, వచ్చారు కూడా.

రాతికోట ఉండగా కాకతీయులు బయట మట్టికోట ఎందుకు కట్టారు? డబ్బు చాలకనా?
— ఓ పాఠకుడు, ఖమ్మం

కాదు. మట్టి గోడ తక్కువరకం అనుకోవడం మనలో బలంగా నాటుకుపోయింది. రాతి గోడకు దెబ్బ తగిలితే రాళ్ల మధ్య అతుకు వదులవుతుంది. ఒక రాయి ఊడితే పైవరుస కదులుతుంది. తొక్కి గట్టిపరచిన మట్టి దిబ్బ దెబ్బను తనలోకి లాక్కుంటుంది, గుంట పడుతుంది, అంతే. తెల్లారేలోగా తట్టలతో మన్ను మోసి పూడ్చవచ్చు. ఓరుగల్లు మట్టిగోడలో ఈటె దిగలేదని, విసిరిన గుండు వెనక్కి వచ్చిందని శత్రువు పక్షంవాళ్లే రాసుకున్నారు.

కట్టే విధానం కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఉంది. అగడ్త తవ్విన మన్నునే, అగడ్తకు నాలుగు దండాల దూరంలో, ఆరు దండాల ఎత్తున, అడుగున దానికి రెట్టింపు వెడల్పున పోసి, ఏనుగుల చేత, ఎద్దుల చేత తొక్కించి, పైన ముళ్లపొదలు నాటాలి. దండం అంటే నాలుగు మూరలు, సుమారు ఆరు అడుగులు. తవ్వకం, కట్టుబడి ఒకే కూలితో అయిపోతాయి. మట్టిగోడ శత్రువు మాత్రం వాన. నెత్తి మీద నీరు నిలిస్తే చారికలు పడి కోసుకుపోతుంది, ఏటేటా మరమ్మతు కావాలి. ఆ మరమ్మతు ఆగిపోయిన చోట ఇవాళ దాన్ని చెరువు కట్ట అనుకుని దాటిపోతున్నాం.

ఓరుగల్లు వెళ్లేవాళ్లు తోరణాల దగ్గర ఫొటోలు తీసుకుని తిరిగి రావడం మాకు బాధగా ఉంటుంది. కోట అంటే ఆ నాలుగు తోరణాలు కాదు. రాతిగోడ వలయం సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం, 45 బురుజులు. దాని బయట అగడ్త, ఆ పైన సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టిగోడ. రాతిగోడ లోపలివైపుకు వెళ్లి చూడండి. గోడ వెంబడి మెట్ల వరుసలు కనిపిస్తాయి. ప్రమాదం ఎటు వచ్చినా ఒకే ఇరుకు దారి కోసం తోసుకోకుండా జనమంతా ఒకేసారి పైకెక్కడానికి. ఇంత తెలివైన ఏర్పాటు చాలా పెద్ద కోటల్లోనూ కనిపించదు. ఆ తరువాత ఒక దర్వాజాలో బయటి నుంచి లోపలికి నడిచి, ఎన్ని మలుపులు తిరిగారో లెక్కపెట్టండి.

మా ఉదయగిరిని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించాడట. అంతకాలం ఏం చేశాడు?
— ఓ వ్యాపారి, నెల్లూరు జిల్లా

దారులు తొలిచాడు. కొండ ఎక్కడానికి ఒకే ఇరుకు బాట ఉంటే, లక్షమంది సైన్యం ఉన్నా ముందు నడిచేది ఒకరిద్దరే. ఆ లెక్క మార్చడానికి బండలు పగలగొట్టించి కొత్త బాటలు వేయించాడని విజయనగరం వచ్చిన పోర్చుగీసు వ్యాపారి రాశాడు. 1513లో మొదలైన పని 1514లో ముగిసింది. ఒడిశా రాజులు గజపతుల పక్షాన కోటను కాచిన తిరుమల రాయడు పట్టుబడ్డాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి 1515లో కృష్ణాలయంలో ప్రతిష్ఠించారు. హంపి వెళ్తే ఆ గుడి తూర్పు గోపురం మీది సున్నపు బొమ్మల్లో సైనికులను చూడండి, ఈ దండయాత్రవే. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

కొండ మీద చిన్న కోనేరుతో నెలల తరబడి ఎలా బతికేవారు?
— ఓ ఇంజినీరు, అనంతపురం

మీరు ఇంజినీరు కాబట్టి లెక్కే వేద్దాం. తాగడానికి, వండుకోవడానికి మనిషికి రోజుకు 5 లీటర్లు చాలనుకోండి. వెయ్యి మందికి వంద రోజులకు 5 లక్షల లీటర్లు. అంటే 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు ఉన్న ఒక్క తొట్టి. అంతేనా అనిపిస్తుంది. ఇప్పుడు వంద గుర్రాలు చేర్చండి. గుర్రానికి 35 లీటర్ల చొప్పున ఇంకో మూడున్నర లక్షల లీటర్లు. మన వేసవిలో ఎండకు రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైనా వంద రోజుల్లో 60 సెంటీమీటర్లు పోతుంది. ఆ తొట్టి లోతులో దాదాపు నాలుగో వంతు ఎవరూ తాగకుండానే మాయం. అందుకే తెలిసిన కోటదారు తొట్టిని వెడల్పుగా కాక లోతుగా, బండ నీడ పడే చోట తొలిపించేవాడు. ముట్టడి ఖాయమని తెలియగానే గుర్రాలను బయటికి పంపేసేవాడు.

మీ గుత్తి కోటే దీనికి సాక్ష్యం. మురారి రావు ఘోర్పడే చేతిలో ఉన్న ఆ కోట గోడలు హైదర్ అలీకి లొంగలేదు. 1776లో కొండ మీది తొట్లలో నీరు అడుగంటింది, కోట దిగింది. గుత్తికి వెళ్తే ఒక్కో తొట్టి దగ్గర ఆగి, బండ మీద పడిన వాననీరు ఏ కాలువ గుండా అందులోకి వస్తుందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి. కాలువలో సన్నగా తొలిచిన గుంట కనిపిస్తే అది ఒండ్రు ఆగడానికి.

గోల్కొండ వేరు. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీరు తెచ్చి, రాట్నాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎత్తుకుంటూ పోయారు. గోడల్లో పగిలిన గొట్టపు ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని పీకకండి.

గోల్కొండ నుంచి చార్మినారుకు సొరంగం ఉందా?
— ఓ పదో తరగతి విద్యార్థి, విజయవాడ

ఉందని ఎవరూ రుజువు చేయలేదు. ముట్టడి దృష్టితో ఆలోచించు. మైళ్ల పొడవున సొరంగం ఉంటే దాని రెండో కొన శత్రువు చేతికి చిక్కినరోజు కోట ఖర్చు లేకుండా పోతుంది. ఎనిమిది నెలలు చుట్టుముట్టినప్పుడు హైదరాబాదు నగరం మొగలుల చేతిలోనే ఉంది. అలాంటి దారి ఉంటే ఏదో ఒక పక్షం వాడేది. గైడ్లు చూపించే చీకటి కన్నాల్లో చాలావరకు నీటి కాలువలు, కొట్లు, కావలివాళ్ల సందులు. నిజమైన సొరంగపు యుద్ధం సంగతి పైన 1687 జవాబులో ఉంది, అది చదువు.

స్నేహితులతో భువనగిరి, తరువాత ఎవరూ వెళ్లని కొండకోటలు ఎక్కాలనుకుంటున్నాం. జాగ్రత్తలు చెప్పండి.
— ఐటీ ఉద్యోగుల బృందం, హైదరాబాదు

భువనగిరి ఏకశిల. మెట్లు దాటాక నున్నటి బండ మీద నడక. వాన పడిన రోజు, మంచు తడి ఆరని పొద్దు ఎక్కకండి. అరిగిన అడుగు చెప్పులు వద్దు, గరుకు రబ్బరు అడుగున్న బూట్లు కావాలి. ఫిబ్రవరి దాటితే పదకొండింటికల్లా దిగిపోవాలి. బండ వేడెక్కాక పైన నీడ దొరకదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు పంచదార కలిపినది ఒక సీసా విడిగా తీసుకెళ్లండి. దిగడం ఎక్కడం కంటే కష్టం. మోకాళ్లు వణకడం మొదలైతే కూర్చుని బండ మీద పాకుతూ దిగండి.

ఎవరూ వెళ్లని కోటల్లో భయపడాల్సింది పాములకంటే ముందు తేనెటీగలకు. బురుజుల చూరు కింద, దర్వాజా గూళ్లలో పెద్ద పట్లు ఉంటాయి. అత్తరు పూసుకోకండి, సిగరెట్టు వెలిగించకండి, కింద అరుపులు వద్దు. ఒకటి రెండు మీ తల చుట్టూ తిరగడం మొదలుపెడితే చేతులు విసరకుండా వచ్చిన దారినే వెనక్కి నడవండి. కుట్టడం మొదలైతే మాత్రం ముఖం కప్పుకుని ఆగకుండా పరుగెత్తండి, నీళ్లలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి.

ఇంకో ప్రమాదం గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు. గుళ్ల ముందు, బురుజుల అడుగున నిలువెత్తు లోతు తవ్వి వదిలేస్తున్నారు, బోద పెరిగి కనిపించవు. ముందు నడిచేవాళ్ల చేతిలో కర్ర ఉండాలి, అడుగు వేసేముందు పొడిచి చూడాలి. కప్పు లేని పాత బావులకూ ఇదే జాగ్రత్త. డ్రోను ఎగరేయాలంటే రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కింది ఊళ్లో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్నింటికి దిగుతారో చెప్పి పోండి. పశువులు మేపుకునేవాళ్లు దొరికితే కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. నీటి దొన ఎక్కడుందో, దిడ్డివాకిలి ఏ పొద వెనక ఉందో వాళ్లకే తెలుసు. తాజా తవ్వకం కనిపిస్తే ఫొటో తీసి, తేదీ వేసి, పురావస్తు శాఖకూ స్థానిక పోలీసులకూ పంపండి.